నెత్తురు పడినంతనే మొలలనుకొనరాదు

పెద్దప్రేగులో పుట్టు నిరపాయకరమైన కంతులు – వాని గుర్తింపు, చికిత్స

తలనొప్పి వచ్చినను, కాలు బెణికినను మనము నలుగురితో చెప్పుకొందుము. నాలుగు మందులు అడిగి తెలిసికొందుము. కాని మలవిసర్జన సమయమున నెత్తురు పడినచో ఆ మాట నోటివెంట రాదు. పురుషులు సిగ్గుపడి దాచుదురు; స్త్రీలు అంతకంటెను దాచుదురు. పసిబిడ్డకు అట్లు జరిగినచో "వేడి చేసినది" అని మజ్జిగయో, సబ్జాగింజల నీరో త్రాగించి ఊరకుందురు. పెద్దవారికి జరిగినచో "మొలలు" అని తామే పేరు పెట్టుకొని, ఎవరో చెప్పిన పసరు మ్రింగుదురు.

నెత్తురు పడుటకు మొలలు తరచుగా కనబడు కారణమే. ఆసనమున చీలిక ఏర్పడినను, రక్తవిరేచనములు పట్టుకొన్నను నెత్తురు కనబడును. అయితే వీనితోపాటు మరియొక కారణము కలదు. పెద్దప్రేగు లోపలి గోడపై కొందరికి చిన్న చిన్న కంతులు పుట్టును. వీనిలో కొన్ని అరుదైనవి. చాలవరకు నిరపాయకరమైనవి. సకాలమున కనుగొన్నచో కడుపు కోయకుండనే తీసివేయదగినవి. కనుగొననిచో కొన్ని సందర్భములలో ప్రాణముమీదికి తెచ్చునవి. మేము వైద్యులము కాము. వైద్యశాస్త్రము తేల్చిన సంగతులను గ్రామీణ సోదరీసోదరులకు తేటమాటలలో అందించుట మా పని. ఆ పనిలో భాగముగా ఈ కంతులను గూర్చి ఇచట వివరించుచున్నాము.

కంతి యనగా నేమి?

మన చిన్నప్రేగు సుమారు 20 అడుగుల పొడవుండును. అది కుడివైపున పొత్తికడుపులో పెద్దప్రేగుతో కలియును. పెద్దప్రేగు సుమారు 5 అడుగుల పొడవు గలది. అది కుడివైపున పైకెక్కి, కడుపునకు అడ్డముగా సాగి, ఎడమవైపున క్రిందికి దిగి, పురీషనాళముగా మారి ఆసనము వద్ద ముగియును. దీని లోపలిగోడను కప్పియుండు పలుచని పొర కొద్ది దినములకొకసారి పాతకణములను రాల్చి క్రొత్తకణములను పుట్టించుకొనుచుండును. ఈ పుట్టుట, రాలుట అను లెక్క ఏదో ఒకచోట తప్పినప్పుడు అచ్చట కణములు పోగుపడి కంతి ఏర్పడును. దీనినే వైద్యులు పాలిప్ అందురు.

కొన్ని కంతులకు పండునకున్నట్లు తొడిమ యుండును. అవి ప్రేగులో వ్రేలాడుచుండును. కొన్నింటికి తొడిమ యుండదు. గోడకు కొట్టిన పిడక వలె అంటిపెట్టుకొని యుండును. తొడిమ గలదానిని తీయుట తేలిక. పిడకవలె నున్నదానిని తీయుటకు ఎక్కువ నేర్పు కావలెను.

నిరపాయకరమైన కంతి తానున్న చోటనే పెరుగును. గట్టు దాటి ప్రక్క పొలములోనికి పోదు. పుట్టకురుపు, అనగా క్యాన్సరు, గట్టు తెంచుకొని పోవును. ఈ రెంటికిని నడుమ ఒక మెలిక కలదు. నేడు నిరపాయకరముగా నున్న కంతులలో కొన్నిజాతులు కొన్నేండ్లకు స్వభావము మార్చుకొనును. అడినోమా అను జాతి కంతి పుట్టకురుపుగా మారుటకు సామాన్యముగా పదేండ్లకు పైగా పట్టునని వైద్యులు చెప్పుదురు. ఈ పదేండ్ల వ్యవధియే మనకు లభించిన అవకాశము. కనుక కంతి ఉన్నదా యని తెలిసికొనినంత మాత్రమున చాలదు. ఏ జాతిదో కూడ తెలిసికొనవలెను.

పసిపిల్లల కంతి

రెండేండ్లు మొదలు పదేండ్ల లోపు పిల్లలకు వచ్చు కంతి వేరుజాతిది. ఇది చాలమందికి ఒక్కటే యుండును. సామాన్యముగా పురీషనాళమునందో, దానికి కొంచెము పైననో తొడిమతో వ్రేలాడుచుండును. బిడ్డ ఆడుకొనుచునే యుండును, అన్నము తినుచునే యుండును. మలవిసర్జనకు కూర్చున్నప్పుడు మాత్రము మలముపై ఎఱ్ఱని చార యుండును, లేదా చివర నాలుగు బొట్లు నెత్తురు పడును. నొప్పి యుండదు. నొప్పి లేకపోవుటయే ఈ వ్యాధికి ముఖ్యలక్షణము. ఆసనమున చీలిక ఏర్పడినచో బిడ్డ గట్టిమలము విడుచునపుడు ఏడ్చును; కంతి యున్న బిడ్డ ఏడ్వదు. అందువలననే తల్లిదండ్రులు నెలల తరబడి ఉపేక్షింతురు.

పదేండ్లలోపు పిల్లలకు మొలలు వచ్చుట చాల అరుదు. కాబట్టి చిన్నబిడ్డకు నొప్పి లేకుండ మాటిమాటికి నెత్తురు పడుచున్నప్పుడు మొలలమందు వెదకుట దండుగ. కంతి యున్నదేమో చూపించుకొనుటయే సరియైన త్రోవ.

ఒక్కొక్కప్పుడు ముక్కినపుడు ఆ కంతి పండిన రేగిపండు వలె ఎఱ్ఱగా వెలుపలికి వచ్చి మరల లోనికి పోవును. దీనిని చూచి ఆసనము జారినదని పలువురు భ్రమపడుదురు. ఆసనము జారినపుడు చుట్టును ఉంగరమువలె పొర వెలువడును. కంతి మాత్రము ఒక ప్రక్కనుండి తొడిమతో వ్రేలాడును. దానిని దారముతో బిగించుటగాని, లాగి త్రెంచుటగాని ఎంతమాత్రము కూడదు. తొడిమలో నెత్తుటినాళము లుండును. అది తెగినచో నెత్తురు ఆగకపోవచ్చును. ఒక్కొక్క కంతి తనంతట తానే రాలిపోవుటయు కలదు. అట్లు రాలినప్పుడు ఒక్కసారిగా ఎక్కువ నెత్తురు పడవచ్చును.

ఒంటరి కంతి తీసివేసినచో బిడ్డకు సామాన్యముగా మరి భయము లేదు. అది పుట్టకురుపుగా మారునను భీతి అనవసరము. కాని కంతులు అయిదుగాని, అంతకెక్కువగాని యున్నను, వంశములో మరియొకరికి ఇట్టివే యున్నను అది వేరు వ్యాధి యగును. అట్టి బిడ్డను వైద్యులు ఏండ్ల తరబడి కనిపెట్టి చూడవలసియుండును.

పెదవులపై నల్లమచ్చలు

1921 లో హాలెండు దేశమున యాన్ పాయిట్స్ అను వైద్యుడు ఒకే కుటుంబములోని పలువురికి ఒక వింతలక్షణము నుండుట గమనించెను. వారి పెదవులమీదను, నోటిలోపలను నల్లని చిన్నమచ్చలుండెను, ప్రేగులలో కంతులుండెను. 1949 లో అమెరికాలో హెరాల్డ్ జెగర్స్, ఆయన సహచరులు ఇట్టి మరికొందరు రోగులను వర్ణించిరి. అప్పటినుండి ఈ వ్యాధికి ఆ ఇరువురి పేర్లు కలిపి పాయిట్స్–జెగర్స్ వ్యాధి యని వ్యవహారము. ఇది చాల అరుదైనది. దీనికి మూలమైన జన్యులోపమును 1998 లో కనుగొనిరి.

ఈ మచ్చలు ఆవగింజంత పరిమాణమున పెదవులపై, బుగ్గల లోపలిప్రక్క, ముక్కు, కన్నుల చుట్టు, వ్రేళ్ళకొనలపై పసితనముననే కనబడును. వయస్సు వచ్చిన పిదప పెదవులమీదివి వెలిసిపోవచ్చును. బుగ్గలలోపలివి సామాన్యముగా నిలిచియుండును. మన దేశములో ఆరోగ్యవంతులకును నోటిలో నల్లచారలుండుట సహజమే. మచ్చ కనబడిన ప్రతివారికి ఈ వ్యాధి యున్నదని బెంగపడరాదు. మచ్చలతోపాటు బిడ్డకు మాటిమాటికి మెలిపెట్టునట్టి కడుపునొప్పి వచ్చుచున్నను, నెత్తురు తక్కువగా నున్నను, వంశములో ఇట్టివారున్నను వైద్యునికి ఆ మచ్చలను చూపి చెప్పవలెను.

ఈ వ్యాధిలో కంతులు చిన్నప్రేగున ఎక్కువగాను, పెద్దప్రేగునను, జీర్ణాశయమునను కూడ పుట్టును. పెరిగిన కంతిని ప్రేగు ఆహారమనుకొని ముందునకు నెట్టుచుండును. ఆ నెట్టుడులో కంతితోపాటు ప్రేగుకూడ లాగబడి, చొక్కా చేయి తనలోనికి తాను మడిచినట్లు, ప్రేగులో ప్రేగు దూరును. ఇది ప్రాణాపాయకరము. అందుచేత ఇట్టి వంశములోని పిల్లలకు జబ్బు లక్షణములు లేకున్నను ఎనిమిదవయేట మొదటి ప్రేగు పరీక్ష చేయింపవలెనని వైద్యులు సూచించుచున్నారు. పెద్దయైన పిదప కొన్ని అవయవములలో పుట్టకురుపు వచ్చు అవకాశము వీరికి ఇతరులకంటె ఎక్కువ కనుక ఆ పరీక్షలు జీవితాంతము సాగవలెను.

మరి మూడు విధములు

మొదటిది క్రొవ్వు కంతి. ఇది పెద్దప్రేగులో, ముఖ్యముగా కుడిభాగమున, నడివయస్సు దాటినవారికి కనబడును. పెక్కుమందికి దీనివలన ఏ బాధయు నుండదు. పరికరముతో నొక్కినచో దిండువలె లోనికి పోయి మరల పైకివచ్చును. ఆ గుర్తునుబట్టి వైద్యుడు తెలిసికొనును. బాధలేని క్రొవ్వు కంతిని తీయనక్కరలేదు. అది పెద్దదై నెత్తురు కార్చినను, ప్రేగునకు అడ్డుపడినను తీయవలసియుండును.

రెండవది పురీషనాళమున పిడకవలె పరచుకొని, పైన మెత్తని నూగువలె నుండు కంతి. ఇది జిగటను విశేషముగా స్రవించును. రోగి ఏండ్ల తరబడి జిగట విరేచనములని మందులు మ్రింగుచుండును, గుణము కనబడదు. దీనిలో ఒక అరుదైన రూపము కలదు. నీటితోపాటు ఉప్పులు, పొటాషియము శరీరమునుండి పోయి, కండరములు సత్తువ తప్పి, మూత్రపిండములు దెబ్బతిని మనిషి పడిపోవును. దీనిని 1954 లో మెక్‌కిట్రిక్, వీలాక్ అను అమెరికా వైద్యులు వివరించిరి. ముందు పోయిన నీటిని, ఉప్పులను రక్తమునకు చేర్చి, తరువాత కంతిని తొలగించినచో రోగి కోలుకొనును. ఈ జాతి కంతి కొన్నేండ్లకు పుట్టకురుపుగా మారు స్వభావము గలది కనుక దానిని ఉంచుకొనరాదు.

మూడవది వంశపారంపర్యముగా వచ్చు కంతుల గుంపు. ఇందు యౌవనారంభముననే పెద్దప్రేగునిండ వందలు, వేలు కంతులు మొలచును. ఒక్కొక్కటి నిరపాయకరమే యైనను, చికిత్స లేకున్నచో నలుబది యేండ్ల ప్రాంతమునకు వానిలో ఏదో ఒకటి పుట్టకురుపుగా మారుట దాదాపు తప్పదు. లండను నగరములోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో 1924 నుండి ఇట్టి కుటుంబముల వంశవృక్షములు వ్రాసి భద్రపరచుచు వచ్చిరి. దీనికి మూలమైన జన్యువును 1991 లో గుర్తించిరి. ఒక్కొక్క కంతిని తీసివేయుట ఇచట చాలదు. తగిన వయస్సున పెద్దప్రేగును తొలగించు శస్త్రచికిత్స చేయుదురు. వినుటకు భయము గొలుపును గాని, ఇట్టి చికిత్స పొందినవారు ఉద్యోగములు చేసికొనుచు, సంసారములు సాగించుచు నున్నారు.

ఈ వంశవ్యాధులు మేనరికము వలన వచ్చునవని కొందరు తలంతురు. అది సరికాదు. తల్లిదండ్రులలో ఒక్కరికి లోపమున్నను పుట్టు ప్రతిబిడ్డకును అది సంక్రమించుటకు సగము పాలు అవకాశము కలదు. ఇందు ఎవరి దోషమును లేదు. కోడలిని, అల్లుని నిందించుట వలన ఒరుగునది లేదు. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, బిడ్డలు అందరును పరీక్ష చేయించుకొనుటయే కర్తవ్యము.

ఎట్లు గుర్తింతురు?

వైద్యుడు మొదట ప్రశ్నలు వేయును. నెత్తురు ఎఱ్ఱగా నున్నదా, నల్లగా నున్నదా? మలముతో కలసి వచ్చుచున్నదా, చివర బొట్లుగా పడుచున్నదా? నొప్పి యున్నదా? ఎన్నాళ్ళనుండి? ఇంటిలో ఎవరికైన ఇట్లుండెనా? ఈ ప్రశ్నలకు సిగ్గుపడక ఉన్నదున్నట్లు చెప్పవలెను. ఇనుపధాతువు మాత్రలు వాడువారికి మలము నల్లబడుట సహజము. ఆ సంగతియు చెప్పవలెను.

తరువాత తొడుగు వేసికొని వ్రేలితో ఆసనములోపల పరీక్షించును. అర నిముషపు పని. పసిపిల్లల కంతులలో పెక్కు ఈ పరీక్షకే చిక్కును. పిమ్మట పొట్టిగొట్టముతో పురీషనాళమును చూచును. రక్తపరీక్షలో నెత్తురు తక్కువగా నున్నదేమో తెలియును. కంతి కారుచుండగా బలమునకు మందులు మాత్రమే వాడుట చిల్లుకుండలో నీరు పోయుట వంటిది.

పెద్దప్రేగు నంతను చూచు పరీక్షకు కొలొనోస్కోపీ యని పేరు. వ్రేలి లావున, సుమారు అయిదడుగుల పొడవున వంగునట్టి గొట్టమును ఆసనముగుండ పంపి తెరమీద ప్రేగు లోపలిభాగమును చూతురు. ఈ సాధనము వెనుక ఒక భారతీయుని కృషియు కలదు. పంజాబులోని మోగాలో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ, హరాల్డ్ హాప్కిన్స్ తో కలసి గాజుపోగుల కట్టద్వారా చిత్రమును వంపులు తిప్పి పంపవచ్చునని 1954 లో ప్రకటించెను. 1957 లో బేసిల్ హిర్షోవిట్జ్ అమెరికాలో ఆ సూత్రముతో వంగు గొట్టమును తయారుచేసి జీర్ణాశయమును చూచెను. నేటి గొట్టములలో గాజుపోగులకు బదులు కొనయందే చిన్న కెమెరా యుండును.

ఈ పరీక్ష ఫలించుట రోగి చేతిలోను కొంత కలదు. ముందురోజు వైద్యుడు చెప్పినట్లు తేలిక ఆహారము, ఆపైన వడకట్టిన ద్రవములు మాత్రమే పుచ్చుకొని, ఇచ్చిన విరేచనపు మందును నీటిలో కలిపి పూర్తిగా త్రాగవలెను. ప్రేగు శుభ్రపడనిచో బురదనీటిలో చేపను వెదకినట్లగును. కంతి కనబడక తప్పిపోవును. గుండెజబ్బునకు రక్తము పలుచబరచు మాత్రలు వాడువారును, మధుమేహమునకు మందులు వాడువారును ఆ సంగతి ముందుగనే తెలుపవలెను. మాత్రలను తమంతట తాము మానరాదు. పెద్దలకు కొద్దిపాటి మత్తు, పిల్లలకు పూర్తిమత్తు ఇచ్చి పరీక్షింతురు.

ఎట్లు తీసివేయుదురు?

పూర్వము పురీషనాళమునకు పైనున్న కంతిని తీయవలెనన్న కడుపు కోసి, ప్రేగు తెరువవలసియుండెను. 1969 లో న్యూయార్కు నగరమున హిరోమి షిన్యా అను జపాను వైద్యుడు గొట్టముద్వారానే తీగ ఉచ్చును పంపి, పెద్దప్రేగులోని కంతిని తొలగించెను. నేడు ప్రపంచమంతట ఇదే పద్ధతి. తీగ ఉచ్చును కంతి తొడిమకు తగిలించి, మెల్లగా బిగించి, అవసరమైనచో విద్యుత్తు పంపుదురు. తొడిమ తెగును, నెత్తుటినాళము మూసికొనిపోవును. ప్రేగు లోపలిపొరకు కోత బాధ తెలియదు గనుక రోగికి నొప్పి యుండదు. చాలమంది ఆ దినముననే ఇంటికి పోవచ్చును.

పిడకవలె నున్న కంతి క్రిందికి సూదితో ఉప్పునీటి ద్రవమును ఎక్కించి, దానిని గోడనుండి పైకి లేపి, పిమ్మట తీయుదురు. ఇట్లును వీలుకానివానికి, ప్రేగులో ప్రేగు దూరినవారికి శస్త్రచికిత్స తప్పదు.

తీసిన కంతిని పరీక్షశాలకు పంపి, పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శినితో చూతురు. కంతి జాతి అచ్చటనే తేలును. కంటితో చూచి "భయములేదు" అన్నంతమాత్రమున సరిపోదు. ఆ నివేదికను రోగి అడిగి తీసికొని, పొలము పాసుపుస్తకమును దాచినంత భద్రముగా దాచుకొనవలెను. ఒంటరి పిల్లల కంతియైనచో మరల పరీక్షలు సామాన్యముగా అక్కరలేదు. అడినోమా యైనచో దాని పరిమాణమును, సంఖ్యను బట్టి కొందరు మూడేండ్లకు, కొందరు మరికొంత ఆలస్యముగా మరల రావలసియుండును. ఆ గడువు మరువరాదు.

ఏ చికిత్సయైనను కొంత అపాయముతో కూడినదే. కంతి తీసిన చోట నెత్తురు కారుటయు, మరింత అరుదుగా ప్రేగునకు చిల్లు పడుటయు సంభవించును. నెత్తురు కారుట రెండు వారముల లోపల ఎప్పుడైనను రావచ్చును. కనుక ఇంటికి వచ్చిన పిదప తీవ్రమైన కడుపునొప్పి, జ్వరము, కడుపు బిగియుట, ముద్దలుగా నెత్తురు పడుట కనబడినచో వెంటనే ఆసుపత్రికి మరలిపోవలెను.

ఎవరిని ఆశ్రయింపవలెను?

సంతలలోను, బస్సు స్టాండుల వద్దను మొలలను నిముషములలో రాల్చెదమని పలకలు కట్టువారు కొందరుందురు. లోపల ఏమున్నదో చూడకుండ వెలుపల సూదులు గ్రుచ్చుట, మందుపూత పూయుట, దారములు బిగించుట వీరి పద్ధతి. ఆసనమునకు చెరుపు కలుగుట ఒక నష్టము. లోపలి కంతికి అమూల్యమైన కాలము దొరకుట అంతకంటె పెద్ద నష్టము.

మొదట మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోని వైద్యుని చూడవలెను. స్త్రీలు చెప్పుకొనుటకు సంకోచించినచో ఆశా కార్యకర్తతోగాని, ఏ.ఎన్.ఎం. తోగాని చెప్పవచ్చును. అచ్చటినుండి పెద్ద ఆసుపత్రికి చీటి వ్రాసి పంపుదురు. ఖర్చు విషయమై ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, ప్రభుత్వ ఆరోగ్యపథకము తమ చికిత్సకు వర్తించునేమో విచారించుకొనవలెను.

జ్ఞాపకముంచుకొనవలసిన సంగతులు

1. పదేండ్లలోపు బిడ్డకు నొప్పి లేకుండ మాటిమాటికి నెత్తురు పడినచో మొలలని తలంపక, కంతి యున్నదేమో పరీక్ష చేయింపవలెను.

2. 45 ఏండ్లు దాటినవారికి క్రొత్తగా నెత్తురు పడినను, మలవిసర్జన అలవాటు మారినను, కారణము తెలియక నెత్తురు తగ్గినను పెద్దప్రేగు నంతను చూపించుకొనవలెను. మొలలున్నంత మాత్రమున కంతి లేదని చెప్పుటకు వీలులేదు. రెండును ఒకరికే యుండవచ్చును.

3. వెలుపలికి వచ్చిన కంతిని లాగుట, కట్టుట కూడదు.

4. ఆగని వాంతులు, కడుపు ఉబ్బరము, మలము గాలి బంధించుట, ముద్దలుగా నెత్తురు పడుట అత్యవసర లక్షణములు. వెంటనే 108 కు ఫోను చేయవలెను.

5. వంశములో ఒకరికి పెక్కు కంతులున్నట్లు తేలినచో మిగిలిన రక్తసంబంధీకులందరును వైద్యుని సలహా పొందవలెను.

ఈ సంగతులను చదివినవారు చదువురాని ఇరుగుపొరుగువారికి కూడ చదివి వినిపింపగోరుచున్నాము. సిగ్గుచేత దాచిన జబ్బు లోలోపల పెరుగును. వైద్యునితో చెప్పిన జబ్బునకు మార్గము దొరకును. తీగ ఉచ్చుతో పోవు కంతిని పదేండ్లు పెంచి కత్తివరకు తెచ్చుకొనుట వివేకము కాదు.